పూత కావాలంటే ముందు పస్తు పెట్టాలి

ప్రశ్న: మాది శ్రీకాకుళం. మేడ మీద పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పుతో 200 మైక్రాన్ల పాలీషీటు వేసి గ్రీన్‌హౌస్ కట్టించుకున్నాను. వీడియోల్లో చూసినట్టే నాలుగు పక్కలా మూసి, జిప్పు తలుపు పెట్టించాను. ఎండ మరీ ఎక్కువని పైన 75 శాతం గ్రీన్‌నెట్ కూడా కట్టాం. రెండేళ్ళలో ఆన్‌లైన్‌లో కొన్నవీ నర్సరీల్లో కొన్నవీ కలిపి 32 కాక్టస్‌లు చేరాయి. అందులో 11 కుళ్ళిపోయాయి. రెబూటియాలు, లోబీవియాలు ఒక్కటీ మిగల్లేదు. ఉన్నవి పచ్చగానే ఉన్నాయి కానీ పువ్వన్నది లేదు. విచిత్రమేమిటంటే, పువ్వుతో కొన్న ఒక మొక్కకు మాత్రం ఎనిమిది నెలలుగా ఆ పువ్వు వాడలేదు. దానికేం వేస్తారో తెలిస్తే మిగతావాటికీ వేద్దామని అడుగుతున్నాను. 'మెడూసా తల' అనే కాక్టస్ మీద మనసు పడ్డాను, అది మన దగ్గర బతుకుతుందా? మా అత్తగారేమో "ఇది ఇల్లా, పొలం గట్టా?" అంటున్నారు. ముళ్ళ మొక్కలు ఇంటికి మంచివి కావట. ఫొటోలు పంపిస్తున్నాను.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, ముందు ఆ వాడని పువ్వు సంగతి తేల్చేద్దాం. మీ ఏడో ఫొటో పెద్దది చేసి చూశాను. అది ఆ మొక్క పూసిన పువ్వు కాదు. ఎండినా రంగు పోకుండా కాగితంలా గరగరలాడే ఎండుపూలు ఉంటాయి చూడండి, బొకేల్లో పెడతారు, వాటిలో ఒకటి తెచ్చి వేడి జిగురుతో మొక్క నడినెత్తిన అంటించారు. కాక్టస్ పువ్వు ఆయుష్షు చాలా రకాల్లో ఒక్కరోజు, మహా అయితే వారం. ఎనిమిది నెలలున్నది పువ్వు కాదు, స్టిక్కర్ బొట్టు. మీరొక్కరే మోసపోయారనుకోకండి. పాతికేళ్ళ కిందట నేనూ ఒకటి కొనుక్కొచ్చి, వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయినవాణ్ణే.

దాన్ని పీకెయ్యకండి, తోలు ఊడి వస్తుంది. మందులషాపులో సర్జికల్ స్పిరిట్ దొరుకుతుంది. సన్న బ్రష్షుతో జిగురు అంచు చుట్టూ చుక్క చుక్కగా పెట్టి రెండు నిమిషాలాగితే పట్టు వదులుతుంది. సాయంత్రం పూట చెయ్యండి, స్పిరిట్ తడి మీద ఎండ తగలకూడదు. కాక్టస్ పెరిగేది నెత్తిన ఉన్న ఆ గుంటలోంచే కాబట్టి, ఈ పని ఈ వారంలోనే చేసేయండి.

ఇక అసలు విషయం. గ్రీన్‌హౌస్ అన్న మాటే మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. అది చలిదేశాల వాళ్ళ అవసరంలోంచి పుట్టింది. బయట మంచు కురుస్తుంటే లోపల కాస్త వెచ్చదనం దాచుకోవడానికి వాళ్ళు గాజుగదులు కట్టుకున్నారు. మనకి వెచ్చదనం తక్కువైందా? మే నెలలో బయట 38, 40 డిగ్రీలున్నప్పుడు నాలుగు పక్కలా మూసిన పాలీషీటు లోపల 50 దాటిపోతుంది. నమ్మకపోతే ఒక థర్మామీటరు వేలాడదీసి మధ్యాహ్నం రెండింటికి చూడండి. కింద స్లాబు, దాని మీద నల్ల ప్లాస్టిక్ కుండీలు. వేళ్ళు ఉడికిపోతాయి. ఆ ఉడికిన వేళ్ళకి సాయంత్రం నీళ్ళు పోస్తే మర్నాటికి కుళ్ళు మొదలు.

మన శ్రీకాకుళం, విజయనగరాల్లో కాక్టస్‌కి శత్రువు చలి కాదు, వాన. జూన్ నుంచి అక్టోబరు దాకా ఆగి ఆగి తడిపే వాన, ఆరనివ్వని గాలి. కాబట్టి మనకి కావాల్సింది పెట్టె కాదమ్మా, గొడుగు. ఆ జిప్పు తలుపు తీసేయండి. నాలుగు పక్కలా షీటుని నడుమెత్తు దాకా చుట్టి పైకి కట్టేయండి. ఉడతలు, కాకులు రాకుండా కోళ్ళ మెష్ చాలు. పైకప్పు మాత్రం ఉంచి, ఏటవాలు జల్లు లోపలికి కొట్టకుండా అడుగున్నర చూరు బయటికి దించండి, మన పాత పెంకుటిళ్ళకి ఉండేలాగా. కుండీలన్నీ నేల మీంచి తీసి ఇనపస్టాండు మీదో, ఇటుకల మీద వేసిన చెక్క మీదో పెట్టండి.

పూలు రాకపోవడానికి మొదటి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. పాలీషీటు కొత్తదైనా దాదాపు ఆరోవంతు వెలుగు తినేస్తుంది. మిగిలినదాంట్లో 75 శాతం నెట్ ముప్పావు ఆపేస్తుంది. అంటే బయట నూరుపాళ్ళ ఎండ ఉంటే మీ మొక్కకి చేరేది ఇరవై పాళ్ళు. పచ్చగా ఉన్నాయని మీరు సంతోషిస్తున్నారు గానీ రెండో ఫొటోలో ఆ మామిలేరియాని చూడండి. బంతిలా ఉండాల్సింది మెడ సాగదీసి, పైభాగం లేతగా, ముళ్ళు పొట్టిగా ఉంది. అది పచ్చదనం కాదు, ఆకలి. మార్చి మధ్య నుంచి తొలకరి దాకా 50 శాతం నెట్ వేయండి, అదీ పడమటెండ తగిలే వైపు. మబ్బులు పట్టాక నెట్ తీసేయండి. కానీ తొందరపడి ఒక్కరోజులో మార్చకండి. ఒక మార్చిలో ఒక ఫెరోకాక్టస్‌ని నీడలోంచి తీసి ఎండలో పెట్టి నేను ఆఫీసుకి వెళ్ళిపోయాను. సాయంత్రానికి దక్షిణం వైపు తోలు తెల్లగా ఉడికిపోయింది. పన్నెండేళ్ళయింది, ఆ మచ్చ ఇంకా ఉంది. కాక్టస్ తోలు మీద కాలిన మచ్చ మానదు. పది పదిహేను రోజులు కాస్త కాస్త జరుపుతూ అలవాటు చెయ్యాలి.

రెబూటియాలు, లోబీవియాలు పోయినందుకు మాత్రం మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. లోబీవియా అనేది బొలీవియా అన్న పేరులో అక్షరాలు అటూ ఇటూ మార్చి పెట్టిన పేరు. ఆండీస్ కొండల మీద, చాలావరకు సముద్రమట్టానికి మూడువేల మీటర్ల ఎత్తు చుట్టుపక్కల పుట్టిన మొక్కలవి. పగలు ఎండ ఎంత కాసినా రాత్రి బాగా చల్లబడాలి వాటికి. మనకి మేలో రాత్రి కూడా 27, 28 డిగ్రీలు దిగదు. కాలింపాంగ్ నర్సరీల నుంచి వచ్చే మొక్కల్లో ఇవే ఎక్కువ. అక్కడి కొండగాలికి బంగారంలా ఉంటాయి, రైలు దిగేసరికి నీరసం. మీరు అరకులో ఉంటే వేరే మాట.

రాత్రి చలికి ఇంత పట్టుదల ఎందుకో ఒక చిన్న పరీక్ష చెబుతాను. మీ వీధిలో ఎవరింట్లోనైనా రణపాల ఉంటుంది. తెల్లవారగానే ఒక ఆకు కొరికి చూడండి, చింతచిగురులా పుల్లగా ఉంటుంది. మధ్యాహ్నానికి అదే ఆకు చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా. ఇది కనిపెట్టి రాసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హెయిన్ ఒకప్పుడు మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారి తోట చూసుకున్నవాడు. రెండు వందల ఏళ్ళ కిందటి మాట. కాక్టస్‌దీ అదే పద్ధతి. పగలు నీరు ఆవిరైపోతుందని రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లాక్కుని, దాన్ని పులుపుగా దాచుకుంటుంది. తెల్లారాక ఎండ తోడుగా ఆ పులుపుతో వంట వండుకుంటుంది. రాత్రి వేడిగా, గాలాడకుండా ఉంటే ఆ లాక్కోవడం సాగదు. జిప్పు వేసిన మీ గదిలో మొక్కలు రాత్రంతా ముక్కు మూసుకుని పడుకున్నట్టే లెక్క. పక్కలు ఎత్తేయమన్నది అందుకే. మే నెలలో రాత్రిపూట ఒక చిన్న ఫ్యాను తిప్పినా మంచిదే.

మరి మన ఉక్కలో హాయిగా ఉండి పూసేవి లేవా అంటే, బోలెడున్నాయి. ఎకినాప్సిస్‌తో మొదలుపెట్టండి. పక్కన పిలకలు వేస్తుంది, ఎవరినడిగినా ఇస్తారు. ఏప్రిల్‌లో ఒక రోజు పక్కగట్టు మీద, అంటే ఒంటి మీది నిలువు మడత మీద, బూడిదరంగు దూది ముద్దలాంటిది కనిపిస్తుంది. దాన్ని చూసి పురుగనుకుని గిల్లేసినవాళ్ళు నాకు తెలుసు. అదే మొగ్గ. వారం పది రోజులు తాపీగా ఉండి, ఆఖరి రెండు రోజుల్లో జానెడు గొట్టంలా సాగి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి విచ్చుకుంటుంది. మర్నాడు మధ్యాహ్నానికి ఐపోతుంది. అంతసేపే. ఆ సాయంత్రం మాత్రం ఇంట్లోవాళ్ళని సీరియల్ ముందునుంచి లేపి మేడ మీదికి తీసుకెళ్ళండి.

అరుదైనది కావాలంటే నా ఓటు మెలోకాక్టస్‌కి. ఇది ఎడారి కొండల మొక్క కాదు. క్యూబా, బ్రెజిల్ లాంటి వెచ్చని చోట్లది, కొన్ని రకాలు సముద్రగాలికి పెరుగుతాయి. చలే దీనికి పడదు, 15 డిగ్రీలకు దిగితే ముడుచుకుపోతుంది. ఇంగ్లండులో పెంచేవాళ్ళు చలికాలమంతా హీటరు పెట్టి, దీన్ని బతికించడానికి నానా తంటాలూ పడతారు. మనకి ఊరికే వస్తుంది. చాలా ఏళ్ళు మామూలు పచ్చబంతిలా ఉంటుంది, పూయదు. ఆ తర్వాత ఒక ఏడాది నడినెత్తిన తెల్లటి దూది, దాంట్లోంచి ఎర్రటి ముళ్ళ నూగు మొదలవుతుంది. అక్కడితో కింది ఒళ్ళు పెరగడం ఆగిపోతుంది. ఇక జీవితమంతా ఆ తలపాగాయే ఎత్తు పెరుగుతూ పోతుంది. దీన్ని సెఫాలియం అంటారు. నా దగ్గరున్న మెలోకాక్టస్ మటాంజానస్‌కి ఏడో ఏట వచ్చింది, మొక్క అప్పటికి నా పిడికిలికన్నా కాస్త పెద్దది, అంతే. ఈ రకం చిన్నప్పుడే తలపాగా చుట్టేస్తుంది, అందుకే దీనితో మొదలుపెట్టమంటాను.

మధ్యాహ్నం మూడు దాటాక ఆ నూగులోంచి చిన్న గులాబీ పువ్వు తొంగిచూస్తుంది, శనగగింజంత. చీకటి పడేలోపు మూసుకుంటుంది. పువ్వు చూసి పెద్దగా ఆశ్చర్యపోరు. ఆశ్చర్యం నెలా రెండు నెలల తర్వాత వస్తుంది. ఒక పొద్దున చూసేసరికి తలపాగాలోంచి లక్కరంగు పండొకటి, పండు మిరపకాయ తొడిమలేకుండా నిలబెట్టినట్టు, బయటికి తోసుకొచ్చి ఉంటుంది. మైనంలా నునుపుగా ఉంటుంది. బ్రెజిల్‌లో తొండలు వీటిని తిని గింజలు వెదజల్లుతాయి. రెండు జాగ్రత్తలు చాలు. తలపాగా మీద నీళ్ళు పోయకూడదు, తడిస్తే కుళ్ళుతుంది. మాటిమాటికీ కుండీ మార్చకూడదు, దీని వేళ్ళు కదిలిస్తే అలుగుతుంది.

ఆస్ట్రోఫైటమ్‌లు కూడా మనకి సరిపడతాయి. ముళ్ళే లేని ఆస్టీరియాస్ ఉంది కదా, మీ దగ్గరున్న నాలుగూ అవే, వాటికి ఇంకో ఏడాది, రెండేళ్ళు ఓపిక పట్టండి. గింజ నుంచి నాలుగైదేళ్ళు పడుతుంది. పసుపు పువ్వు, మధ్యలో కుంకుమరంగు. ఒకే మొక్క తన పుప్పొడితో తాను కాయ కట్టదు, రెండు మొక్కలు ఒకేసారి పూసినప్పుడు బ్రష్షుతో అటూ ఇటూ అద్దాలి. ఇక మీ దగ్గరున్న ఆ బత్తాయికాయంత బంగారుబంతి కాక్టస్, దాని మీద మాత్రం ఆశ వదులుకోండి. అది అడుగుకి పైగా అడ్డం పెరగాలి, పదిహేను ఇరవై ఏళ్ళ పని. మీ మనవలకి పూస్తుంది.

మూడో ఫొటోలోని పొడవాటి రెండూ అసలు కాక్టస్‌లే కావు, మన జెముళ్ళ చుట్టాలు. గుర్తుపట్టడం తేలిక. కాక్టస్‌కి ప్రతి ముళ్ళగుత్తి కిందా చిన్న మెత్తటి దూది దిండు ఉంటుంది. ఆ దిండు లేకుండా తోలులోంచే జంటగా ముళ్ళొస్తే అది జెముడు. పేరులో జెముడున్నా నాగజెముడు మాత్రం కాక్టస్సే. గిల్లితే పాలొస్తాయి, కంట్లో పడితే కన్నుకే ప్రమాదం. పిల్లలకి అందకుండా పెట్టండి.

ఇప్పుడు పస్తు మాట. పూత రావడానికి ఎరువు కన్నా, మందు కన్నా ముఖ్యమైనది ఇదే, పైసా ఖర్చు లేనిది కూడా. కార్తీక పున్నమి దాటాక నీళ్ళు తగ్గించండి. మార్గశిరం వచ్చాక పెద్ద మొక్కలకి పూర్తిగా ఆపేయండి. ధనుర్మాసంలో మనకి తెల్లవారుజామున 16, 17 డిగ్రీల దాకా దిగుతుంది. అంత చలే మనకి దక్కేది, దాన్ని పొడిగా అనుభవించనివ్వాలి. మామిలేరియా, ఎకినాప్సిస్, జిమ్నోకాలిసియం, ఆస్ట్రోఫైటమ్ కాస్త ముడుచుకుంటాయి, గట్టులు లోపలికి పోతాయి. చూస్తే జాలేస్తుంది. ఆ జాలితోనే చాలామంది పూత పోగొట్టుకుంటారు. సంక్రాంతి ముగ్గులకి తెచ్చిన బకెట్ నీళ్ళు మిగిలాయని ఒక చెంబు వాటికి పోసేస్తారు. పోయకండి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు కదా, మొదటి నీళ్ళు ఆ రోజు పెట్టుకోండి, గుర్తుంటుంది. అప్పుడు కొద్దిగా, వారం తర్వాత కింద రంధ్రంలోంచి కారేదాకా. ఆ రెండో తడిలో లీటరుకి అర గ్రాము 0-52-34 (నత్రజని లేని భాస్వరం, పొటాష్ ఎరువు) కలపండి, మిరప రైతులు వాడేదే, ఎరువుల కొట్లో అడగండి. యూరియా జోలికి వెళ్ళకండి, మొక్క ఉబ్బి పగులుతుంది. మెలోకాక్టస్‌కి, అంగుళం లోపు పిల్లమొక్కలకి మాత్రం ఈ ఉపవాసం నిండుగా వద్దు, మూడు వారాలకోసారి గొంతు తడపాలి.

మిగతా రోజుల్లో ఎన్నిరోజులకోసారి పోయాలని అందరూ అడుగుతారు. లెక్క చెప్పలేను, చీపురుపుల్ల చెబుతుంది. కొబ్బరి ఈనె ఒకటి కుండీ అడుగుదాకా గుచ్చి పది నిమిషాలాగి తీయండి. మట్టి అంటుకుని చల్లగా తగిలితే ఆగండి. పొడిగా వస్తే ఇంకో మూడు రోజులాగి పోయండి. ఆ మూడు రోజులు దాని కోసం కాదు, మన చేతి దురద కోసం. ఎండాకాలంలో సాయంత్రం పోయండి, వానాకాలంలో ఎండ కాసిన రోజు ఉదయమే. బోరునీళ్ళకి మట్టి మీద తెల్ల పొక్కు కడుతోందని ఐదో ఫొటోలో తెలుస్తోంది. మీ పైకప్పు చూరు కింద ఒక డ్రమ్ము పెట్టండి. ఐదునెలల వాన ఉచితం.

మట్టి విషయంలో కొబ్బరిపొట్టు మానేయండి. తడిస్తే వారం ఆరదు, పూర్తిగా ఎండితే మళ్ళీ తడవదు. నాగావళి ఇసుక తెప్పించి పిండిజల్లెడ పట్టండి. కింద పడింది కట్టుబడికి ఇచ్చేసి, పైన మిగిలిన నూక సైజు నుంచి పెసరగింజ సైజు దాకా ఉన్నది ఉంచుకోండి. అది రెండు పాళ్ళు, అదే సైజులో కొట్టి కడిగిన ఇటుక ముక్కలు ఒక పాలు, బాగా మాగిన ఆకుల ఎరువు ఒక పాలు. బీచ్ ఇసుక మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా వద్దు, ఉప్పు.

పిండినల్లి గురించి మీరు అడగలేదు గానీ ఆరో ఫొటోలో గట్టుల మధ్య తెల్లటి పొడి నాకు నచ్చలేదు. ఇందాకటి స్పిరిట్టు బ్రష్షే దానికీ మందు. కుండీ మార్చేటప్పుడు వేళ్ళకి తెల్ల మచ్చలుంటే కడిగేసి, మట్టిలో చెంచాడు వేపపిండి కలపండి. ఆ తెల్లదూది నలిపితే రక్తంలా ఎర్రరంగు వస్తే మాత్రం అది పిండినల్లి కాదు, దాని దాయాది. 1926లో నాగజెముడు పొదల్ని అణచడానికి దక్షిణాదికి కావాలని తెచ్చి వదిలిన పురుగు అది. ఊళ్ళకి ఊళ్ళ కంచెలు తినేసింది. మీ దగ్గర నాగజెముడు జాతివి ఉంటే విడిగా పెట్టుకోండి.

మెడూసా తలకి వద్దాం. ఆస్ట్రోఫైటమ్ కాపుట్ మెడూసే. 2001లో మెక్సికోలోని న్యువో లియోన్ రాష్ట్రంలో కనబడేదాకా ఇలాంటి కాక్టస్ ఒకటుందని శాస్త్రజ్ఞులకే తెలియదు. బంతి ఉండదు, గట్టులుండవు. నేలలోంచి పచ్చటి వేళ్ళు చాచినట్టు ఉంటుంది. కింద ముల్లంగిలాంటి దుంప. పువ్వు మాత్రం వాళ్ళ ఇంటి ఆనవాలే, పసుపులో ఎరుపు. వేడి దీనికి ఇష్టమే, మన దగ్గర బతుకుతుంది. చంపేది తడి. అందుకే సొంత వేరు మీద కాకుండా డ్రాగన్ ఫ్రూట్ మొద్దు మీద అంటుకట్టినది తీసుకోండి. ఆ మొద్దుకి మన ఉక్క అంటే ప్రాణం, పువ్వు కూడా ముందే వస్తుంది. గింజలతో పెంచినదేనని, మన దేశంలోనే పెంచినదని ఖాయం చేసుకోండి. కాక్టస్ జాతి దాదాపు మొత్తం అంతర్జాతీయ వ్యాపార ఆంక్షల కింద ఉంది. 2020లో ఇటలీలో ఒకరి దగ్గర చిలీ ఎడారి నుంచి తవ్వి తెచ్చినవి వెయ్యికి పైగా పట్టుకున్నారు. "అడవి మొక్క, అరుదైనది" అని ఎవరైనా గొప్పగా అమ్మితే అది కొనకూడనిదని అర్థం.

అంటు మీరే కట్టుకోవచ్చు. ఖరీదైన మొక్క మీద మాత్రం చెయ్యి సాధన చేయకండి. తొమ్మిదో ఫొటోలో ఎర్రగుండు కాక్టస్ ఉంది చూడండి, కింది మొద్దు పసుపుబారి మెత్తబడుతోంది. ఆ ఎర్రదానికి పత్రహరితం లేదు, సొంతంగా బతకలేదు, మొద్దు పోతే అదీ పోతుంది. దాన్ని కాపాడుతూ నేర్చుకోండి. డ్రాగన్ ఫ్రూట్ తోట ఉన్నవాళ్ళనడిగి మూరెడు కొమ్మ తెచ్చి నాటి, వేరూనాక, వాన లేని వారం చూసుకోండి. కొత్త బ్లేడు స్పిరిట్‌తో తుడిచి మొద్దుని అడ్డంగా ఒక్క వేటున కొయ్యండి. రంపంలా ఆడించకూడదు. మూడు అంచుల్నీ ఏటవాలుగా చెక్కండి, లేకపోతే ఎండినప్పుడు మధ్యభాగం గుంటపడుతుంది. మధ్యలో చిన్న వలయం కనిపిస్తుంది, దారప్పోగులు చుట్టినట్టు. అదే కీలకం. తడి ఆరిపోకుండా పైన ఇంకో పలుచటి బిళ్ళ కోసి అక్కడే ఉంచండి. ఎర్రగుండు అడుగునా అలాగే కోస్తే అక్కడా ఒక వలయం. బిళ్ళ తీసేసి, గుండుని జరుపుతూ గాలి బుడగ బయటికి పోయేలా అదిమి, రెండు వలయాలూ ఒకదాన్నొకటి ఎక్కడో ఒకచోట తాకేలా పెట్టండి. రెంటి మధ్యలు సరిగ్గా కలిపితే చిన్నవలయం పెద్దదాని మధ్యలో పడి ఎక్కడా తాకదు, కొత్తవాళ్ళు చేసే తప్పిదే. ప్లస్ గుర్తులా రెండు రబ్బరుబ్యాండ్లు కుండీ అడుగునుంచి వేసి, వారం నీడలో, కోత మీద నీటి చుక్క పడకుండా ఉంచండి. నాకు మొదటి ఆరూ పోయాయి. ఏడోది పట్టింది.

అక్టోబరు దగ్గరికొస్తోంది కాబట్టి ఇంకొక్క మాట. మీ షీటుని బోల్టులతో బిగించేశారు. స్ప్రింగు క్లిప్పులుండే పట్టీలకి మార్పించండి, పది నిమిషాల్లో విప్పేలా ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నాడు విజయనగరంలో నా షీటు తెరచాపలా గాలి పట్టి, పైపులతో సహా లేచిపోయింది. వీధి చివర కొబ్బరిచెట్టుకి చుట్టుకుని దొరికింది. దాని కింద ఇరవై కుండీలు నలిగాయి. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటబోతోందన్నప్పుడు ముందురోజు సాయంత్రమే షీటు విప్పి మడతపెట్టి, కుండీలన్నీ మెట్ల కింద చేర్చాను. ఒక్క ముల్లు విరగలేదు. హెచ్చరిక రాగానే ముందు షీటు, తర్వాత మొక్కలు.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. ముళ్ళవి గుమ్మంలో వద్దంటే ఆ మాటలో తప్పులేదు, పిల్లలు, చీర కుచ్చిళ్ళు తిరిగే చోటు అది. మేడ మీదే ఉన్నాయి కదా, చాలు. కానీ మీ పదో ఫొటోలో వెనకాల తులసికోట పక్కన తొట్టిలో పొడవాటి ఆకులతో ఉన్నది బ్రహ్మకమలమే కదా. హారతిచ్చే ఇల్లని దాని ముందున్న ప్రమిద చెబుతోంది. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లోది, వేరే మొక్క. మనం బ్రహ్మకమలమని పూజించేది మెక్సికో ప్రాంతం నుంచి వచ్చిన ఎపిఫిల్లమ్, అచ్చమైన కాక్టస్. అడవిలో చెట్ల కొమ్మల మీద బతకడం మరిగి ముళ్ళు వదిలేసుకుంది. ఆకుల్లా కనిపించేవి ఆకులు కావు, కాండమే. ఈసారి అది పూసిన రాత్రి, పక్కనే డ్రాగన్ ఫ్రూట్ పువ్వు ఫొటో పెట్టి చూపించండి. అక్కాచెల్లెళ్ళని ఆవిడే చెబుతారు. పొలం గట్టు మీద నాగజెముడు పూసినప్పుడు మధ్యాహ్నం తీసుకెళ్ళి, పువ్వు లోపలి కేసరాల్ని చీపురుపుల్లతో తాకించండి. అత్తిపత్తిలా లోపలికి ముడుచుకుంటాయి. నాకు దాన్ని మొదట చూపించింది మా అమ్మ, ముళ్ళ మొక్కలు ఇంట్లో వద్దన్నది కూడా ఆవిడే.

షీటు పక్కలు ఎత్తాక ఒకసారి ఫొటో పంపండి. నా మెలోకాక్టస్ ఈ నెల మూడు పళ్ళు కాసింది. ఒకటి ఉడత పాలు, ఒకటి నేను తిన్నాను, కాస్త పుల్లగా బాగానే ఉంది. మూడోదాంట్లో ఆవగింజల్లాంటి నల్లగింజలు కాగితంలో ఆరబెట్టి ఉన్నాయి. చిరునామా రాస్తే కవర్లో పెట్టి పంపిస్తాను.